సెల్లార్‌లోని కుక్కపిల్లలకు నులిపురుగుల మందు
మన ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ వాళ్లందరికీ నమస్కారం. సెల్లార్‌లో పుట్టిన కుక్కపిల్లల పొట్టలు ఉబ్బి ఉన్నాయి, చూశారా? అది పాలు తాగిన పొట్ట కాకపోవచ్చండీ, ఏలికపాములేమో అని నా భయం. కుక్కపిల్లలకు ఇవి తల్లి కడుపులో ఉండగానే వచ్చేస్తాయి, పిల్లిపిల్లలకు తల్లిపాల ద్వారా వస్తాయి. అందుకే కుక్కపిల్లలకు 2 వారాల వయసు నుంచి, పిల్లిపిల్లలకు 3 వారాల నుంచి, రెండు వారాలకోసారి మందు పట్టించాలి. తల్లికి కూడా. డోసు బరువును బట్టి ఉంటుంది, ఇంట్లో ఉన్న సిరప్ దయచేసి అంచనాగా పోయకండి. చిగుళ్లు తెల్లగా పాలిపోతే ఆ రోజే పశువుల డాక్టర్‌కి చూపించాలి. కొంకిపురుగులు (పేగుల్లో ఉండే ఇంకో రకం నులిపురుగులు) రక్తం పీల్చేస్తాయి, ఇంత చిన్న కూనలు తట్టుకోలేవు. బీచ్‌కి కుక్కల్ని తీసుకెళ్లేవాళ్లు మలం కవర్‌తో ఎత్తేయండి. లేకపోతే ఈ పురుగులు ఇసుకలోకి చేరతాయి, ఆ ఇసుకలోనే మన పిల్లలు చెప్పుల్లేకుండా ఆడతారు. రేపు సాయంత్రం 5 గంటలకు ఈ కుక్కపిల్లల్ని తూకం వేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఒకరు తోడు వస్తారా?