గ్రీసులో పిల్లలు తగ్గింది ఆడవాళ్ల ఉద్యోగాల వల్ల కాదు

సంపాదకుల గారికి,

జనాభా తగ్గుదల మీద వస్తున్న వ్యాసాల్లో గ్రీసును తరచూ ఉదాహరణగా చూపిస్తున్నారు. ఆడవాళ్లు చదువులు, ఉద్యోగాలంటూ పెళ్లిళ్లు వాయిదా వేయడం వల్లే ఆ దేశానికి ఈ గతి పట్టిందని తేల్చేస్తున్నారు. నేను గ్రీకు యజమానుల ఓడల్లో చాలాకాలం ఇంజినీరుగా పనిచేశాను. ఏథెన్స్ పక్కనున్న ఓడరేవు పిరయస్‌లో తోటి ఉద్యోగుల ఇళ్లలో భోంచేసినవాణ్ణి. ఆ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను.

అక్కడి కుటుంబ చట్టం 1983లోనే మారింది. భర్తే ఇంటి పెద్ద అన్న నిబంధన పోయింది, కట్నం రద్దయింది, పెళ్లయినా భార్యకు పుట్టింటి పేరే చట్టరీత్యా ఉండిపోయింది. ఆ తర్వాత పాతికేళ్లకు, అంటే 2008లో, లక్షా 18 వేల మంది పిల్లలు పుట్టారు. 2022కి వచ్చేసరికి 76 వేలే. ఆ మధ్యలో కొత్తగా వచ్చింది ఆడవాళ్ల చదువు కాదు, ఆర్థిక సంక్షోభం. 2013లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు, వెతుక్కుంటున్నవాళ్లు కలిపి చూస్తే పాతికేళ్లలోపు వాళ్లలో సగానికి పైగా ఖాళీగానే ఉన్నారు. లక్షల్లో వలసపోయారు. మిగిలినవాళ్లలో చాలామంది ముప్పై దాకా అమ్మానాన్నల ఇంట్లోనే.

ఇంకో సంగతి మన వ్యాసాల్లో ఎక్కడా కనపడదు. అక్కడ పిల్లల్ని పెంచేది చాలావరకు అమ్మమ్మలు, నానమ్మలే. మన దగ్గర స్థలం డెవలప్‌మెంట్‌కి ఇచ్చినట్టే ఏథెన్స్‌లోనూ బిల్డరుకిచ్చి ఫ్లాట్లు తీసుకోవడం దశాబ్దాలుగా ఉంది. కింద అంతస్తులో పెద్దవాళ్లు, పైన కూతురు. నా మిత్రుడి ఇంట్లో మధ్యాహ్నం కాగానే వాళ్లత్తగారు మూతపెట్టిన గిన్నెతో మెట్లెక్కి వచ్చేది, బడి నుంచి మనవణ్ణి తెచ్చేదీ ఆవిడే. వేరే ఊళ్లో చదివే కొడుక్కి డబ్బాల్లో కూరలు సర్ది బస్సులో పంపే తల్లులున్నారు, మనవాళ్లు ఆవకాయ పార్సిల్ వేసినట్టే. శిశు సంరక్షణ కేంద్రాలు చాలకపోయినా సంసారాలు నడిచాయంటే ఈ ఆడవాళ్ల వల్లే.

సంక్షోభంలో ఆ పెద్దావిడ పెన్షన్‌ కోసేశారు. దాని మీదే ఇల్లంతా బతికిన కుటుంబాలున్నాయి. పైగా 2012లో పదవీ విరమణ వయసు 67కి పెంచారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలున్న తల్లులు ఒకప్పుడు యాభై, యాభై అయిదేళ్లకే పెన్షన్ తీసుకోగలిగేవారు. ఇప్పుడు అమ్మమ్మ కూడా డ్యూటీకి వెళ్తుంటే పిల్లాణ్ణి ఎవరెత్తుకుంటారు? తండ్రులకు 2021లో 14 రోజుల సెలవు ఇచ్చారు. 2020 నుంచి బిడ్డ పుడితే 2,000 యూరోలు, తర్వాత ఇంకా ఎక్కువ ఇస్తున్నారు. అయినా మొత్తం మీద జననాలు తగ్గుతూనే వచ్చాయి. మంచం పట్టిన ముసలివాళ్లను చూసుకోవడానికి జార్జియా, బల్గేరియాల నుంచి వచ్చిన ఆడవాళ్లను పెట్టుకుంటున్నారు. అంటే అక్కడా భారం ఆడవాళ్ల మీదే, కాకపోతే వేరే దేశం ఆడవాళ్ల మీద.

ఆంధ్రప్రదేశ్‌లో 2024లో స్థానిక ఎన్నికలకు ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేశారు. ఎక్కువమందిని కనమని నాయకులు అడుగుతున్నారు. అడిగే ముందు ఉద్యోగాలు చేసే తల్లులు ఇంటికొచ్చే వేళ దాకా అంగన్‌వాడీ తెరిచి ఉంటుందా, ప్రైవేటు కంపెనీలో తండ్రికి సెలవెంత, బిడ్డను కన్నాక ఆ అమ్మాయి ఉద్యోగం అలాగే ఉంటుందా అన్నవి మీ విలేకరుల చేత అడిగించండి. జవాబులు మొదటి పేజీలో వేయండి.

– విశ్రాంత మెరైన్ ఇంజినీరు, విశాఖపట్నం