ఇంటర్వ్యూకు ఒక గది కావాలి: ఒడిశా ఐటీ శాఖ మంత్రిగారికి పర్లాకిమిడి నుంచి బహిరంగ లేఖ

ఒడిశా ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ మంత్రిగారికి నమస్కారాలు.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ లేఖ మీకు ఒడియాలో పంపాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. ఇది చదివి "మావాడికీ ఇలాగే అయింది" అనేవాళ్ళు మా వీధిలోనే కాదు, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ళలో కూడా చాలామంది ఉంటారు.

సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ కోసం ఇప్పటిదాకా రెండు టెక్నికల్ ఇంటర్వ్యూలకు వెళ్ళాను. రెండూ పోయాయి. పోయినందుకు కంపెనీల మీద కోపం లేదు. అడిగినవి న్యాయమైన ప్రశ్నలే.

మొదటిది ఇంటి నుంచే. అంతకుముందు ఆన్‌లైన్ టెస్టులో రెండు ప్రోగ్రాములు రాసి గట్టెక్కాను. ఇంటర్వ్యూ నలభై ఐదు నిమిషాలు, వీడియో కాల్‌లో. కింద మా కిరాణా కొట్టు, పైన మేము. ఆ రోజు అమ్మ మిక్సీ వేయలేదు, నానమ్మ టీవీ కట్టేసింది. కొట్టు ముందు లోడు దించడం మాత్రం ఆపలేకపోయాం.

ఇంటర్వ్యూ చేసిన ఆయన అంకెల వరుస ఒకటి ఇచ్చారు. అందులో పక్కపక్కనే ఉన్న అంకెలు కూడితే ఫలానా మొత్తం వచ్చే ముక్కలు ఎన్ని ఉన్నాయో చెప్పాలి. మైనస్ అంకెలు కూడా ఉండొచ్చు. రెండు లూపులతో, అంటే ప్రతి అంకె దగ్గరా మొదలుపెట్టి మళ్ళీ మళ్ళీ కూడేలా రాశాను. "పనిచేస్తుంది కానీ నెమ్మది. వరుసను ఒక్కసారే చదివి చెప్పగలరా?" అన్నారాయన ఇంగ్లీషులో.

అప్పుడు నాకు నాన్న ఖాతా పుస్తకం గుర్తుకొచ్చింది. రోజూ రాత్రి జమ, ఖర్చు రాసి, చివర నిల్వ వేస్తాడు. పదో తారీఖు నుంచి ఇరవయ్యో తారీఖు దాకా ఎంత మిగిలిందని అడిగితే మధ్య పేజీలు కూడడు. ఇరవయ్యో తారీఖు నిల్వలోంచి తొమ్మిదో తారీఖు నిల్వ తీసేస్తాడు, అంతే. ఆ లెక్కకు జవాబు కూడా ఇదే. ఒక్కో అంకె దాకా వచ్చిన నిల్వను హ్యాష్ మ్యాప్‌లో, అంటే అడగ్గానే వెతికిచ్చే పట్టికలో, దాచుకుంటూ పోవాలి. ఇప్పటి నిల్వలోంచి కావలసిన మొత్తం తీసేస్తే వచ్చే నిల్వ ఇంతకుముందు ఎన్నిసార్లు కనిపించిందో చూడాలి. మైనస్ అంకెలంటే ఖర్చు రోజులు, దిగులు లేదు. ప్రిఫిక్స్ సమ్ (మొదటి నుంచి అక్కడిదాకా కూడిన మొత్తం) అనే మాట క్లాసులో విన్నదే. కానీ అది మా కొట్టు లెక్కేనని తట్టింది మాత్రం ఆ నిమిషంలోనే.

తట్టింది, కానీ నోరు పెగల్లేదు. ఆలోచన తెలుగులో వచ్చింది. నిల్వను ఇంగ్లీషులో ఏమంటారో వెతుక్కుంటూ, చెప్పడం మానేసి టైపు చేయడం మొదలుపెట్టాను. ఆయనకు కనిపించింది మాట్లాడని కుర్రవాడు. "ఆలోచిస్తున్నది బయటికి చెప్పండి" అని రెండుసార్లు అన్నారు. ఏడో లైనులో ఉండగా కరెంటు పోయింది, దాంతోపాటే వైఫై. ఫోను హాట్‌స్పాట్ పెడితే ఆంధ్ర టవరు పట్టుకుంది. (సరిహద్దులో ఉన్నాం కదా, మా ఫోన్లు రోజుకు నాలుగుసార్లు రాష్ట్రం మారతాయి.) మళ్ళీ కలిసేసరికి పదకొండు నిమిషాలు పోయాయి. ఆయన మర్యాదగానే ముగించారు. రెండు వారాలకు మెయిల్ వచ్చింది. అందులో కారణం లేదు.

రెండో ఇంటర్వ్యూకు ఇంట్లో కూర్చునే ధైర్యం లేకపోయింది. ముందు రోజే గుణుపూర్ నుంచి విశాఖ వెళ్ళే పాసింజరు ఎక్కి పిన్ని ఇంటికి పోయాను. ఆన్‌లైన్ ఇంటర్వ్యూకు రైలెక్కి వెళ్ళడమేమిటని బాబాయి ఒకటే నవ్వు. నేనూ నవ్వాను.

అక్కడ నెట్ ఆగలేదు. డెడ్‌లాక్ (రెండు పనులు ఒకదాని కోసం ఒకటి ఆగిపోవడం) ఎప్పుడు వస్తుందన్నారు, డేటాబేస్‌లో త్వరగా వెతకడానికి పెట్టే ఇండెక్స్ ఎందుకన్నారు, అవన్నీ చెప్పాను. తర్వాత నా ప్రాజెక్టుకు వచ్చారు. నాన్న కొట్టు కోసం నేను చేసిన ఖాతా యాప్ అది. "ఒకే ఖాతాలో ఇద్దరు ఒకేసారి జమ రాస్తే?" అని అడిగారు ఇంటర్వ్యూ చేస్తున్న ఆమె. ఇద్దరూ పాత నిల్వే చదువుతారు, రెండోవాడు రాసింది మొదటివాడి జమను తుడిచేస్తుంది. నాకది అప్పటిదాకా తోచనేలేదు. ట్రాన్సాక్షన్ (చేస్తే పనంతా చేయాలి, లేదంటే ఏదీ చేయకూడదు), లాక్ (ఒకరు రాస్తుంటే ఇంకొకరిని ఆపడం) ఎందుకో పరీక్షకు చదివాను కానీ, అవి నా యాప్‌కే అవసరమని ఆమె అడిగితే గాని తెలియలేదు. ఇంటర్న్‌షిప్ రాలేదు. కానీ ఆమె పంపిన మెయిల్‌లో రెండు వాక్యాలున్నాయి: బేసిక్స్ బాగున్నాయి, ఆలోచనను బయటికి చెప్పడం సాధన చేయండి. ఆ రెండు వాక్యాలు నాకు ఒక సెమిస్టరుతో సమానం.

సాధన ఎక్కడ చేయాలి, ఎవరితో? అడుగుతున్నది నా ఒక్కడి కోసం కాదు. గుమ్మ బ్లాకు నుంచి వచ్చిన స్నేహితుడికి ఇంట్లో సవర, బడిలో ఒడియా, బజార్లో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. కోడ్ నాకంటే బాగా రాస్తాడు. ఇంటర్వ్యూలో నాకంటే ఎక్కువసేపు మౌనంగా ఉంటాడు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు రాసిన గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. ఇన్నేళ్ళ తర్వాత కూడా మేం ఆలోచించేది ఒక భాషలో, మార్కులు పడేది ఇంకో భాషలో.

అందుకని అడుగుతున్నాను. పర్లాకిమిడిలో ఏదో ఒక ప్రభుత్వ భవనంలో ఒక గది ఇప్పించండి. తలుపు వేసుకునేలా ఉండాలి. వైరు ద్వారా వచ్చే ఇంటర్నెట్, కరెంటు పోతే అందుకునే ఇన్వర్టర్, ఒక బల్ల, ఒక కుర్చీ. గంట చొప్పున బుక్ చేసుకుంటాం. ఏసీ అక్కర్లేదు. బరంపురంలో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్ కేంద్రం ఉంది, మంచిదే, కానీ గంట ఇంటర్వ్యూకు అంత దూరం పోలేం కదా.

అదే గదిలో నెలకొకసారి, ఉద్యోగాల్లో ఉన్న మా సీనియర్లు వీడియోలో మాక్ ఇంటర్వ్యూలు, అంటే సాధన కోసం ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేస్తారు. అడిగితే వాళ్ళు కాదనరు, పిలిచేవాళ్ళే లేరు. ఒడిశా కంప్యూటర్ అప్లికేషన్ సెంటర్ లాంటి మీ శాఖ సంస్థలు ఇంటర్న్‌లను తీసుకునేటప్పుడు, జవాబు ఒడియాలోనో తెలుగులోనో సవరలోనో వివరించే వీలు ఇస్తే ఇంకా సంతోషం. కోడ్ ఎలాగూ అదే కదా.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉంది కదా అని మీ ఆఫీసు నుంచి జవాబు రావచ్చు. 2024లో అది మొదలైనప్పుడు పెట్టిన నిబంధనల ప్రకారం నెలకు 5,000 రూపాయలు, వయసు 21 నుంచి 24. ఆ నిబంధనల్లో కాలేజీలో రోజూ చదువుకునేవాళ్ళకు అది వర్తించేది కాదు. వేసవి రెండు నెలల ఇంటర్న్‌షిప్ కోసం తిరిగే మాలాంటివాళ్ళకు దానితో పనిలేదు.

కంపెనీలు వచ్చే వేసవికి పిల్లలను తీసుకోవడం చాలాచోట్ల ఆగస్టులోనే మొదలుపెడతాయి. గది అప్పటికి వస్తే మా జూనియర్లకు పనికొస్తుంది.

ఇట్లు
బీటెక్ మూడో సంవత్సరం విద్యార్థి
పర్లాకిమిడి, గజపతి జిల్లా

తా.క. యాప్‌లో లాక్ పెట్టాను, ఇప్పుడు ఇద్దరు రాసినా జమ పోదు. నాన్న మాత్రం ఇంకా పుస్తకంలోనే రాస్తున్నాడు. కరెంటు లేకపోయినా తెరుచుకుంటుందట.