ఉదయగిరి దుర్గానికి కాలిబాట కావాలి: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

నమస్కారం. ఎండలు ముదిరాయంటే మన జిల్లా నుంచి చార్‌ధామ్ యాత్రకు బయల్దేరేవాళ్లు ఎందరో. దారిలో ఉత్తరాఖండ్ కొండల్లోని ముస్సోరీ కూడా చూసి వస్తారు. ఈసారి మా ఇంటివాళ్లతో నేనూ వెళ్లాను. ఐఏఎస్‌లకు శిక్షణ ఇచ్చే అకాడమీ 1959 నుంచి ఆ కొండమీదే ఉంది కాబట్టి, అక్కడి దారులు నాకన్నా మీకే బాగా తెలుసు. ఉదయగిరి గురించి మీకు రాయడానికి అదొక కారణం.

ముస్సోరీలో గన్ హిల్ అనే గుట్ట ఉంది. స్వాతంత్ర్యానికి ముందు రోజూ మధ్యాహ్నం పన్నెండుకి అక్కడ ఫిరంగి పేల్చేవారట, ఊళ్లోవాళ్లు గడియారాలు సరిచూసుకునేవారట. ఇప్పుడు ఆ ఫిరంగి లేదు. అయినా రోప్‌వే ఎక్కి మరీ జనం పైకి పోతున్నారు. క్యామెల్స్ బ్యాక్ రోడ్డులో చూడాల్సింది ఒంటె మూపురంలా కనిపించే ఒక బండ. దాని కోసం మూడు కిలోమీటర్ల బాటను శుభ్రంగా ఉంచి, మధ్యమధ్య కూర్చోవడానికి బల్లలు వేశారు. ఆ బాటలో ముసలివాళ్లు కూడా హాయిగా నడుస్తున్నారు. లాల్ టిబ్బాలో దుర్భిణి పెట్టారు, ఆకాశం తేటగా ఉంటే బదరీ, కేదార్ వైపు మంచు శిఖరాలు చూడొచ్చు. సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ ఇంటిని బాగుచేసి చూపిస్తున్నారు. దేశాన్ని కొలవడానికి తర్వాత ఆయన నడిపిన మహా సర్వే 1802లో మొదలైంది మన పక్కనున్న మద్రాసులోనే. ఈ సంగతి ఎంతమందికి తెలుసో!

ఒక బండకి, లేని ఫిరంగికి అంత మర్యాద దక్కుతుంటే నాకు ఉదయగిరే గుర్తుకొచ్చింది.

మన దుర్గం దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది. కొండమీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం పదమూడు కోటలుండేవని పాత గెజిటీర్లు చెబుతున్నాయి. ఒడిశా రాజులైన గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలకు దాదాపు ఏడాదిన్నర పట్టింది. అంత నిటారు కొండ ఇది. బురుజుల దాకా సైన్యం చేరడానికి రాయలు పెద్దపెద్ద బండలు పగలగొట్టించి దారి వేయించాడని పోర్చుగీసు వ్యాపారి న్యూనిజ్ రాశాడు. 1514లో కోట లొంగింది. రాయలు తిరుమలేశుణ్ణి దర్శించుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకెళ్లి, హంపీలో గుడి కట్టించి ప్రతిష్ఠించాడు. హంపీకి వెళ్లినవాళ్లంతా ఆ కృష్ణాలయం చూస్తారు. అందులోని దేవుడు మన నెల్లూరు జిల్లా నుంచి వెళ్లాడని చెప్పే బోర్డు ఒక్కటి మన కొండ కింద ఉంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు పైకి వెళ్లాలంటే ముళ్లకంప తప్పించుకుంటూ, దారి తెలిసిన పశువుల కాపరి ఎవరైనా తోడొస్తే వెళ్లాలి. ఏ గోడ ఎవరు కట్టారో, రంగనాయకుల గుడి ఎప్పటిదో, కొండమీద మసీదు కథేమిటో చెప్పేవాళ్లు ఉండరు. తాగడానికి నీళ్లు ఉండవు. గుప్తనిధుల పిచ్చితో తవ్విన గోతులు మాత్రం కనిపిస్తాయి. అవి చూస్తే కడుపు తరుక్కుపోతుంది సార్. మనుషులు తిరిగే చోట రాత్రిపూట గునపాలు పట్టుకుని ఎవరూ రారు. మంచి బాట ఉంటే కోటకు కాపలా కూడా అదే.

నేను రోప్‌వే అడగడం లేదు, పైదాకా ఘాట్ రోడ్డు అసలే అడగడం లేదు. ముస్సోరీ పక్కనున్న కెంప్టీ జలపాతం దగ్గర నీళ్లకు రెండువైపులా దుకాణాలు ఎలా ముసురుకున్నాయో మీకు తెలిసే ఉంటుంది. సీజన్‌లో మాల్ రోడ్డు వైపు వాహనాలు గంటల తరబడి కదలవు. ఆ గతి దుర్గానికి పట్టకూడదు. వెలికొండల అడవి, అందులోని మూలికలు, నెమళ్లు బతకాలి. పాత కాలిబాటలో కంప కొట్టించి, జారే చోట్ల రాతిమెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు వేయిస్తే చాలు. సగం దారిలో తాగునీళ్లు, నీడ ఉండాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో బోర్డులు పెట్టాలి. ఊళ్లో చదువుకుని ఖాళీగా ఉన్న పిల్లలకు చరిత్ర నేర్పి గైడ్లుగా పెట్టాలి. ముస్సోరీకి చలి ఒక వరం. మనకు అది లేదు కాబట్టి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఉదయం పూటే కొండ ఎక్కించాలి.

కొండ దిగినవాళ్లు దిలావర్ భాయ్ వీధికి వెళ్లేలా చూడండి. అక్కడి ఆడవాళ్లు నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. పట్టుకుంటే గాలిలా ఉంటాయి, పిడిమీద పువ్వులు, లతలు. ఈ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. కానీ బేరం ఇంటి గుమ్మం దాకా రావాలి కదా? ముస్సోరీ మాల్ రోడ్డులో ఎక్కడో తయారైన కర్రబొమ్మలు కొనుక్కుని సంచులు నింపుకున్న మనవాళ్లను చూశాను. ఆ డబ్బులో కొంతైనా ఉదయగిరి ఇళ్లకు చేరాలి.

ఉదయగిరికి వచ్చినవాళ్లు అక్కడే ఆగనక్కర్లేదు. ఘటికసిద్ధేశ్వరం ఉంది, ఇంకా పైకి పోతే ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాల భైరవకోన ఉంది. రెండు రోజుల యాత్రకు సరిపోతుంది.

అటవీ శాఖ, పురావస్తు శాఖ, పర్యాటక శాఖ ఒక్కచోట కూర్చుంటే తప్ప దీనిలో ఒక్క మెట్టూ పడదు. ఆ ముగ్గురినీ పిలవగలిగిన కుర్చీ జిల్లాలో మీదే. మొదటి సమావేశం కలెక్టరేట్‌లో కాకుండా కొండ కింద ఉదయగిరిలో పెట్టండి. అయ్యాక అధికారులందరితో కలిసి పైదాకా ఒకసారి నడవండి. దారి చూపించడానికి ఊరివాళ్లు వస్తారు, నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక నెల్లూరువాసి