పదో తరగతి తల్లిదండ్రులకు ఒక మాట

అందరికీ నమస్తే. ఇది చెప్పాల్నా వద్దా అని నాలుగు రోజుల సంది ఆగుతున్న.

మా పిల్ల నెల నుంచి పొద్దున లేస్తే కడుపునొప్పి అంటుంది. ఆదివారం మాత్రం ఏ నొప్పీ ఉండది. డాక్టరుకు చూపిస్తే ఏం లేదన్నరు. మొన్న క్లాసు ఫోటోల అందరూ నవ్వుతున్నరు, ఇది ఒక్కతే చేతితోని నోరు మూసుకున్నది. గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది. దాన్ని పేరుతోని పిలుస్తలేరు, "గారపళ్లు" అంటున్నరంట. నోట్‌బుక్ అట్ట మీద కూడా పెన్నుతో అదే రాసిండ్రు.

మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన పిల్ల. చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసుల, అంటే 8 ఏండ్ల లోపు, ఫ్లోరైడ్ ఎక్కువైతే పడే మరక అది. బ్రష్షుతో పోదు. నల్గొండోళ్లకు ఇది నేను చెప్పాల్నా?

ఎవరి పిల్లలో ఇక్కడ రాయను. ఈ రాత్రి ఇంట్ల ఒకసారి అడగండి, పక్కన నిలబడి నవ్వినోళ్లను కూడా. సారుకు చెప్పినం, సోమవారం మాట్లాడుతనన్నరు. ఇంకెవరి పిల్లలన్నా బడి అంటే ఇట్లనే భయపడుతుంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098, మనసు బాగలేకుంటే టెలి మానస్ 14416. రెండూ ఫ్రీనే.

ఆ క్లాసు ఫోటో స్టేటస్ పెట్టినోళ్లు దయచేసి తీసేయండి.