కంప్రెసర్ల మీద దూరం నుంచి కన్నేయడం గురించి ఒక పొడుగాటి ఉత్తరం

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. అమ్మిన స్క్రూ కంప్రెసర్లన్నీ (తిరిగే స్క్రూలతో గాలిని నొక్కే మెషీన్లు) ఎక్కడెక్కడ ఎలా నడుస్తున్నాయో ఆఫీసులో కూర్చునే తెలియాలి, అందుకు ఏ క్లౌడ్ తీసుకోమంటావు అని అడిగావు. క్లౌడ్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు నీ సర్వీసు రిజిస్టరు బయటికి తియ్యి. గడచిన రెండేళ్ల కాల్స్ ముందేసుకుని, ఒక్కోదాని ఎదురుగా ఒక్క ముక్క రాయి: వారం ముందు ఏ అంకె చూసి ఉంటే ఇది పసిగట్టేవాళ్లం? కొన్నిటికి జవాబు దొరకదు. హోస్ పైపు ఉన్నట్టుండి పగిలితే ఏ సెన్సారూ ముందుగా చెప్పదు, వాటిని వదిలెయ్యి. మిగతావాటి పక్కన నువ్వు రాసుకున్న అంకెలే నీ ట్యాగుల (మెషీను నుంచి చదవాల్సిన అంకెల) జాబితా. ఈ పని చెయ్యకుండా డాష్‌బోర్డు కొన్నవాళ్ల దగ్గర గుండ్రటి మీటర్ల బొమ్మలు చాలా అందంగా ఉంటాయి, మూడో నెల నుంచి వాటిని తెరిచేవాడే ఉండడు.

నీ మెషీనుకి ఆ జాబితా ఇంచుమించు ఇలా తేలుతుంది: డిశ్చార్జి ఉష్ణోగ్రత (నొక్కిన గాలి బయటికొచ్చే చోటి వేడి), లోపలికి పీల్చుకునే గాలి ఉష్ణోగ్రత, డెలివరీ ప్రెషరు, ఆయిల్ సెపరేటరుకి (గాలిలోంచి ఆయిల్‌ని వేరుచేసే ఫిల్టరుకి) ముందూ వెనకా ప్రెషర్లు, మోటారు కరెంటు, రన్నింగ్ గంటలు, లోడ్ గంటలు (నిజంగా గాలి నొక్కిన గంటలు), స్టార్టుల లెక్క, ట్రిప్ కోడు (మెషీను తనంతట తాను ఎందుకు ఆగిందో చెప్పే అంకె), మెషీనుని నడిపే కంట్రోలర్ ఫర్మ్‌వేర్ (లోపలి ప్రోగ్రాము) వెర్షను. కంట్రోలర్లో మూడొందలున్నా నీకు కావలసినవి ముప్పై దాటవు.

అందులో డిశ్చార్జి ఉష్ణోగ్రత గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, అందరూ బోల్తాపడేది అక్కడే. ఇలాంటి మెషీన్లు సాధారణంగా 110 డిగ్రీల దగ్గర ట్రిప్ అవుతాయి, 105 దగ్గర హెచ్చరిస్తాయి. ఆ హెచ్చరికనే ఫోనుకి పంపితే నీకు దొరికే వ్యవధి నిమిషాలే. దానికి బదులు డిశ్చార్జిలోంచి పీల్చే గాలి ఉష్ణోగ్రత తీసేసి ఆ తేడా చూడు. గాలి 42 ఉన్నప్పుడు డిశ్చార్జి 97 అయితే తేడా 55. గాలి 20 ఉన్నప్పుడు 88 అయితే తేడా 68. పైకి రెండోది చల్లగా కనిపిస్తుంది, నిజానికి కూలర్ దుమ్ముతో మూసుకుపోతున్నది అక్కడే. ఎండలు ముదిరేసరికి అది ట్రిప్ అవుతుంది. అయితే ఈ లెక్క ఎప్పుడు పడితే అప్పుడు వెయ్యకూడదు. మెషీను కనీసం ఇరవై నిమిషాలు లోడులో నడిచాక, అదీ ఆయిల్ థర్మోస్టాట్ వాల్వు పూర్తిగా తెరుచుకున్న ఉష్ణోగ్రత దాటాకే వెయ్యాలి. చలిలో ఆ వాల్వే ఆయిల్‌ని కూలర్‌కి పంపకుండా పక్కదారి పట్టిస్తుంది కాబట్టి కూలర్ శుభ్రంగా ఉన్నా తేడా పెద్దదిగానే కనిపిస్తుంది.

సెపరేటరు కూడా అంతే. కొత్తది సుమారు 0.2 బార్ తేడా చూపిస్తుంది, 1 బార్ దగ్గరికొస్తే మార్చాలి. మెల్లగా పెరగడం అందరూ కనిపెడతారు. నువ్వు ప్రత్యేకంగా అలారం పెట్టాల్సింది ఉన్నట్టుండి సున్నాకి పడిపోయినప్పుడు. ఎలిమెంటు చిరిగిందన్నమాట, ఇక ఆయిల్ నేరుగా కస్టమర్ గాలి లైన్లోకి పోతుంది. అన్‌లోడ్‌లో (గాలి నొక్కకుండా తిరిగేటప్పుడు) ఎలాగూ తేడా ఉండదు కాబట్టి ఇదీ లోడ్ సిగ్నల్‌తో ముడిపెట్టే చూడాలి.

లోడ్ గంటల్ని రన్నింగ్ గంటలతో భాగిస్తే వచ్చే అంకెని నీ సేల్స్ వాళ్లకివ్వు. 40 శాతం లోడుతో నడుస్తోందంటే ఆ చోటికి మెషీను పెద్దదైపోయింది. ఫిక్స్‌డ్ స్పీడ్ స్క్రూ అన్‌లోడ్‌లో ఊరికే తిరుగుతూ కూడా ఫుల్ లోడ్ పవర్లో పావు నుంచి మూడోవంతు దాకా తాగేస్తుంది. ప్రెషర్ సెట్టింగు అవసరానికి మించి ఒక్క బార్ పెంచితే కరెంటు ఇంచుమించు 7 శాతం ఎక్కువ కాలుతుంది. కస్టమర్ నెలనెలా డబ్బు కట్టేది ఇలాంటి మాట చెబితేనే. "మీ మెషీను ఆన్‌లో ఉంది" అని చెప్పడానికి ఎవడూ కట్టడు, ఆ చప్పుడు వాడికి పక్క గదిలోంచి వినబడుతూనే ఉంటుంది.

ఇక కంట్రోలర్ నుంచి అంకెలు లాగే పని. ఆర్ఎస్-485 (వైర్ల లైను) మీద మోడ్‌బస్ (పరికరాలు అంకెలు అడిగి చెప్పుకునే భాష) అన్నావు, మంచిదే, మోడ్‌బస్ 1979 నాటిది, ఇంకా నడుస్తోంది. తంటాలు కూడా అప్పటి నుంచీ అవే. జవాబే రాకపోతే ఏ, బీ వైర్లు తిప్పి చూడు. ఆ అక్షరాల అర్థం విషయంలో తయారీదార్లకి ఏకాభిప్రాయం లేదు. తర్వాత పారిటీ (తప్పులు పట్టడానికి వెంట పంపే అదనపు బిట్): ప్రమాణం ఈవెన్ అంటుంది, చాలా కంట్రోలర్లు నో పారిటీతో వస్తాయి. లైను రెండు కొసల్లో మాత్రమే 120 ఓమ్ రెసిస్టర్లు ఉండాలి. పవర్ ఆపి రెండు వైర్ల మధ్య మీటర్ పెడితే సుమారు 60 రావాలి. 40 వస్తే మధ్యలో ఎవరో మూడోది తగిలించారు, 120 వస్తే ఒక కొసన లేదు. కేబుల్ మీది లోహపు తొడుగుని (షీల్డుని) ఒక వైపే ఎర్త్ చెయ్యి, మోటారు వేగం మార్చే డ్రైవ్ నుంచి మోటారుకెళ్లే కేబుల్‌తో కలిపి ఒకే ట్రేలో వెయ్యనివ్వకు.

జవాబు వచ్చి అంకె తప్పుగా ఉంటే అది వేరే జబ్బు. మాన్యువల్లో 40001 అని ఉన్నది వైరు మీద సున్నా చిరునామా, కాబట్టి పక్క రిజిస్టరు (కంట్రోలర్లో అంకె ఉండే గడి) చదువుతున్నావేమో చూసుకో. మైనస్ 5 డిగ్రీలు 65531గా కనిపిస్తే మైనస్ గుర్తు ఉండగల సంఖ్యని ఆ గుర్తే లేని సంఖ్యగా చదువుతున్నావు. 875 అంటే 87.5, పదోవంతు స్కేలు. గంటల లెక్క రెండు రిజిస్టర్లలో ఉంటుంది. ఒక గంటకి 65536 చూపిస్తే పైదీ కిందదీ తారుమారయ్యాయి. ఆ రెంటినీ ఒకే అభ్యర్థనలో చదవాలి, విడివిడిగా చదివితే మధ్యలో లెక్క మారి ఎప్పుడో ఒకసారి గంటలు ఎగిరి గంతేస్తాయి. ఒక అభ్యర్థనలో 125 రిజిస్టర్ల దాకా చదవొచ్చు, నీ ముప్పైకి ఒకటి రెండు చాలు.

వీటన్నిటికంటే చేటు తెచ్చేది ఇంకోటుంది. ఫర్మ్‌వేర్ మారినప్పుడు కంట్రోలర్ వాళ్లు రిజిస్టర్లు జరుపుతారు. అప్పుడు ఎర్రర్ రాదు, ప్రెషర్ గడిలో చక్కగా ఇంకేదో అంకె వచ్చి కూర్చుంటుంది. అందుకే సీరియల్ నంబరు వారీగా ఏ మెషీనుకి ఏ మ్యాపు (ఏ రిజిస్టర్లో ఏ అంకె ఉందన్న జాబితా) అన్న పట్టిక ఒకటి ఉండాలి. గేట్‌వే (కంట్రోలర్ అంకెలు చదివి ఇంటర్నెట్‌లో పంపే డబ్బా) ముందు ఫర్మ్‌వేర్ వెర్షను చదివి, తెలియనిదైతే ఏమీ పంపకుండా "మ్యాపు లేదు" అని మాత్రమే చెప్పాలి.

గేట్‌వేని ప్యానెల్లో డిన్ రెయిల్ (పరికరాలు బిగించే లోహపు పట్టీ) మీద, 24 వోల్టుల మీద పెట్టు. కానపీ (మెషీను మీది మూత) లోపలి వేడికి 50 డిగ్రీల రేటింగు చాలదు, 70 తీసుకో. యాంటెన్నాని ఇనుప డబ్బాలో మూసేస్తే సిగ్నల్ ఎలా వస్తుందిరా? బయటికి తియ్యి. టూజీ, త్రీజీ నెట్‌వర్కులు చాలా దేశాల్లో మూతపడుతున్నాయి కాబట్టి 4జీ మోడెమ్ వేసుకో. గేట్‌వేనే బయటికి కనెక్టు కావాలి, ఎంక్యూటీటీ (చిన్న మెసేజులు పంపే పద్ధతి), పోర్టు 8883, టీఎల్ఎస్‌తో (మధ్యలో ఎవరూ చదవకుండా కాపాడే తాళం). సిమ్‌కి బయట నుంచి కనెక్టవుదామంటే కుదరదు, మామూలు మొబైల్ సిమ్‌లకి సొంత పబ్లిక్ చిరునామా ఉండదు.

ఎంక్యూటీటీలో "లాస్ట్ విల్" అని ఒకటుంది: కీప్ అలైవ్ (బతికే ఉన్నానని చెప్పాల్సిన వ్యవధి) 60 సెకన్లు పెడితే, 90 సెకన్లు చప్పుడు లేకపోయేసరికి గేట్‌వే పోయిందని బ్రోకరే (మెసేజులు అందుకుని పంచే సర్వరే) అందరికీ చెబుతుంది. కానీ ఎవరో మెయిన్ ఆపినా, సిగ్నల్ పోయినా రెండూ దానికి ఒకేలా కనిపిస్తాయి. గేట్‌వేకి చిన్న సూపర్ కెపాసిటర్ (కాసేపటికి సరిపడా కరెంటు దాచేది) ఉంటే, పవర్ పోతోందని చివరి కబురు పంపి పోతుంది. ఆ కాస్త ఖర్చుతో ఎన్ని అనవసరపు ఫోన్లు తప్పుతాయో.

లైను పోయినప్పుడు డేటా గేట్‌వేలోనే దాచాలి. ముప్పై ట్యాగులు పది సెకన్లకోసారి అంటే రోజుకి 2,59,200 రీడింగులు. ఒక్కోటి 16 బైట్లైతే రోజుకి 4 ఎంబీ పైచిలుకు, నెలకి 125 ఎంబీ, ఇది ఏ గేట్‌వే అయినా మోస్తుంది. అదే ట్యాగు పేరూ టైమూ కలిపి జేసన్‌లో (డేటాని అక్షరాల్లో రాసే పద్ధతిలో) పంపితే ఒక్కోటి వంద బైట్లవుతుంది, నెలకి 780 ఎంబీ సిమ్ డేటా. అందుకని మారినప్పుడే పంపించు: ఉష్ణోగ్రత అర డిగ్రీ కదిలితే, లేదా ఏమీ కదలకపోయినా పది నిమిషాలకోసారి. టైము గేట్‌వేలోనే, యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన టైములో) వెయ్యి. పాత డేటా ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు అలారాలు మోగకుండా చూడు, లేకపోతే మొన్నటి ట్రిప్‌కి ఇవాళ అర్ధరాత్రి మీవాణ్ణి లేపుతుంది.

ఇంకో గమ్మత్తు. గడియారం బ్యాటరీ చచ్చిన గేట్‌వే ఇది 1970 అనుకుంటూ లేస్తుంది. సర్టిఫికెట్టు (కంప్యూటర్ గుర్తింపు పత్రం) చెల్లుబాటు ఇంకా మొదలవలేదని టీఎల్ఎస్ ఒప్పుకోదు, కనెక్షన్ లేదు కాబట్టి టైమూ సరిపడదు. టైము సరిచేసుకోవడం టీఎల్ఎస్ కంటే ముందు జరగాలి, చివరిగా తెలిసిన టైము ఫైల్లో రాసి ఉంచుకోవాలి. బ్రోకర్ రీస్టార్టయినప్పుడు అన్ని గేట్‌వేలూ ఒకే సెకనులో మీదపడకుండా ఒక్కోటి తోచినంత ఆగి కనెక్టయ్యేలా రాయించు.

అలారాల దగ్గర చెయ్యి బిగించు. ప్రతి అలారానికీ ఎవరు లేవాలి, లేచి ఏం చూడాలి అన్న రెండు గడులూ నిండకపోతే ఆ అలారం పెట్టకు. 105 దగ్గర 30 సెకన్లు నిలిస్తే మోగి 100కి దిగితేనే ఆగేలా పెట్టు, లేకపోతే గీత దగ్గర ఊగిసలాడుతూ గంటకి వంద మెసేజులు పంపుతుంది. మెషీను ఆగి ఉన్నప్పుడు లో-ప్రెషర్ అలారం అసలు లెక్కలోకే రాకూడదు. కూలర్ దుమ్ము కస్టమర్ ఆపరేటర్‌కి, సెపరేటరు నీ సర్వీసుకి వెళ్లాలి. ఒకే అలారం ఇద్దరికీ పంపితే ఉమ్మడి ఇంట్లో పొయ్యి మీద పాల సంగతే, ఎవరికి వారు అవతలివాళ్లు చూస్తున్నారనుకుంటారు.

దూరం నుంచి స్టార్ట్ చేసే బటన్ కావాలని మీ సేల్స్ వాళ్లు అడుగుతారు. ఇవ్వకు. ట్రిప్ రీసెట్ కూడా ఇవ్వకు. ఆ క్షణాన కానపీ తెరిచి ఎవడి చెయ్యి లోపలుందో నీ తెర మీద కనిపించదు. రక్షణలన్నీ కంట్రోలర్లోనే ఉండాలి. సెట్టింగు మార్పులకి మాత్రం, మెషీను దగ్గర మనిషి తాళం తిప్పితేనే తెరుచుకునే స్విచ్ ఒకటి పెట్టొచ్చు.

క్లౌడ్ ఎవరిదైనా ఈ పనికి చాలు. గూగుల్ తన ఐఓటీ కోర్ సేవని (పరికరాల్ని క్లౌడ్‌కి కలిపేది) 2023 ఆగస్టు 16న మూసేసింది, కాబట్టి గేట్‌వేలో రాసే బ్రోకర్ చిరునామా నీ సొంత డొమైన్ పేరుతోనే ఉండాలి, పరికరాల సర్టిఫికెట్లు నీ చేతిలో, ఒక్కో పరికరానికి ఒక్కోటి ఉండాలి. అప్‌డేట్లకి రెండు పార్టిషన్లున్న (ప్రోగ్రాము ఉంచే విడి భాగాలున్న) గేట్‌వే తీసుకో, కొత్తది లేవకపోతే పాతదానితో లేస్తుంది. యూరోపియన్ యూనియన్‌కి అమ్మితే 2025 సెప్టెంబరు 12 నుంచి అక్కడి డేటా చట్టం ప్రకారం మెషీను వాడేవాడికి దాని డేటా అడిగే హక్కుంది, ఒప్పందంలో ఆ మాట ముందే రాయించు. వారంటీ అయ్యాక సిమ్ డబ్బు ఎవరిదో కూడా.

పది మెషీన్లతో మొదలెట్టు. కావాలనే వేర్వేరు ఫర్మ్‌వేర్లు ఎంచుకో, ఒకటి సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఉండనీ. మూడు నెలలపాటు, సర్వీసుకి వెళ్లిన ప్రతిసారీ ఈ సంగతి సిస్టమ్ ముందే చెప్పిందా లేదా అని మీవాళ్ల చేత కాల్ షీటు మీద రాయించు. ఈలోగా నీ కంట్రోలర్ రిజిస్టరు మ్యాపు నాకు పంపు, ఏ ఫర్మ్‌వేర్‌దో పైన రాసి మరీ పంపరా.

ఉంటాను మరి,
నీ బావ