పెళ్లికూతురి రంగు మార్చేసిన ఆల్బమ్ గురించి ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: "కరెక్షన్ వద్దు" అని రాసి పంపిన పెళ్లి ఆల్బమ్‌లో ముఖాల రంగు మార్చడం, అడగకుండా ఒక ఫోటోను ప్రచారానికి వాడుకోవడం.

అయ్యా,

నేను విజయవాడలో ఉంటాను. వారమంతా ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు రాస్తాను. ఆదివారాలు, పండగ సెలవులు, ముహూర్తాలున్న రాత్రులు కెమెరా పట్టుకుంటాను. ఎనిమిదేళ్లుగా ఇది నా రెండో పని. అందులో ఆరేళ్ల నుంచి నా ఆల్బమ్‌లన్నీ మీ ల్యాబ్‌లోనే వేయిస్తున్నాను. షీట్ కటింగ్, బైండింగ్, ప్యాడ్ ఏ రోజూ వంక పెట్టేలా లేవు. తెలిసిన మరో నలుగురు ఫోటోగ్రాఫర్లకు కూడా మీ పేరే చెప్పాను. అందుకే ఈ ఉత్తరం రాయడం నాకు కష్టంగా ఉంది.

మాఘమాసంలో గుంటూరులో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. అడ్వాన్స్ కోసం బ్రాడీపేటలో పెళ్లికూతురి ఇంటికి వెళ్లిన రోజు ఆమె నాన్నగారు, మేనమామ రేటు గురించి మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి అంతా విని, చివర్లో ఒకటే అడిగింది. "అన్నయ్యా, నన్ను తెల్లగా మాత్రం చేయకండి. మా అక్క పెళ్లి ఆల్బమ్‌లో నన్ను నేనే గుర్తుపట్టలేదు" అంది. ఆ అమ్మాయిది నల్లటి రంగు. ఆ మాట చెప్పడానికి ఆమె ఏమీ సిగ్గుపడలేదు. "నీ రంగు నీకే ఉంటుందమ్మా, నాదీ పూచీ" అని మాటిచ్చాను.

ఆ మాట నిలబెట్టుకోవడానికి నేను పడ్డ కష్టం మీకు చెప్పాలి. ఎందుకంటే ఆ కష్టాన్నే మీరు ఒక్క బటన్‌తో చెరిపేశారు.

కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఎదురుగా ఏమున్నా దాన్ని 18 శాతం గ్రేకి, అంటే మధ్యస్థంగా ఉండే బూడిదరంగుకి, దగ్గరగా తేవాలని చూస్తుంది. లేత రంగు మధుపర్కాలు ఫ్రేమ్ నిండా ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అప్పుడు నల్లటి ముఖం మసకలోకి పోతుంది. ముఖం కోసం పెంచితే బట్ట నేత కనిపించదు, తలంబ్రాల బియ్యం వట్టి తెల్ల చుక్కలైపోతాయి. అందుకే మండపంలో పీటల మీద ఆ బూడిదరంగు అట్ట, గ్రే కార్డు, పెట్టి ముందుగా ఒక ఫ్రేమ్ తీశాను, ఆ తర్వాత వెలుగు కెమెరాకు వదలకుండా అంతా మాన్యువల్‌లోనే తీశాను. వీడియో తమ్ముడి లైటు నేరుగా ఆమె నుదుటి మీద కొడుతుంటే, బతిమాలి దాన్ని పక్కకు తిప్పించాను. పక్క నుంచి వెలుగు పడితే నల్లటి ముఖం ఎంత బాగుంటుందో ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. చెంప మీద మెరుపు వస్తుంది, కళ్లు లోతుగా కనిపిస్తాయి, పసుపు రాసిన చోట బంగారంలా ఉంటుంది.

మొత్తం 2,900 ఫ్రేములు, అన్నీ రా ఫైల్సే, అంటే కెమెరా రంగులు దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచినవి. షాపు నుంచి వచ్చి, పిల్లలు పడుకున్నాక కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. పద్నాలుగు రాత్రులు పట్టింది. పసుపు రంగుతోనే నాకు ఎక్కువ పని. పసుపు కాస్త అటు జరిగితే ఆకుపచ్చ కొడుతుంది, ఇటు జరిగితే నారింజ అవుతుంది. మంగళస్నానం ఫోటో ఒక్కదానికే గంటన్నర పట్టింది. పక్కన గిన్నెలో నిజం పసుపు పెట్టుకుని, రంగులు సరిగ్గా చూపేలా కాలిబ్రేట్ చేసిన స్క్రీన్ మీద పోల్చుకుంటూ సరిచేశాను. ఇవన్నీ ఎవరూ నన్ను అడిగి చేయించినవి కావు. నాకు ఆ పని అంటే అంత ఇష్టం.

ఆల్బమ్ 12×36 అంగుళాల సైజు, 30 షీట్లు. మీరు చెప్పిన పద్ధతిలోనే ప్రతి షీటూ 10,800×3,600 పిక్సెల్స్, అంగుళానికి 300 చుక్కలు (డీపీఐ), ఎస్‌ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలో పంపాను. ఆర్డర్ ఫారంలో "నో కరెక్షన్" గడిలో టిక్ పెట్టాను. అది చాలదేమోనని కింద రిమార్క్స్‌లో "ముఖాల రంగు మార్చవద్దు" అని తెలుగులో కూడా రాశాను. ఫారం కాపీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. 11,400 రూపాయలు ముందే కట్టాను. పెళ్లికూతురు అత్తారింటికి బయల్దేరే రోజు దగ్గరపడటంతో పార్సిల్ నేరుగా వాళ్లింటికే పంపమన్నాను. అది నా తప్పే, ముందు నేను చూసి ఉండాల్సింది.

సాయంత్రం ఫోన్ వచ్చింది. ఆ అమ్మాయి కోప్పడలేదు. "మాటిచ్చారుగా అన్నయ్యా" అంది, అంతే. మర్నాడు షాపుకు సెలవు పెట్టి గుంటూరు వెళ్లాను.

ఆల్బమ్ వాళ్ల ముందే తెరిచాను. 9వ షీట్‌లో వాళ్ల అమ్మమ్మ గారు కాటుక వేలితో పెళ్లికూతురికి బుగ్గచుక్క పెడుతున్న ఫోటో ఉంది. ఆవిడ చెయ్యి కొంచెం వణికింది, అందుకే ఆ చుక్క గుండ్రంగా లేదు, కిందికి చిన్న తోకలా జారింది. ఆ తోకంటే నాకు ప్రాణం, అందుకే ఆ ఫోటో పెద్దదిగా పెట్టాను. షీట్ తిప్పి 11వ దానికి వెళ్తే బుగ్గచుక్క లేదు. జీలకర్ర బెల్లం ఫోటోలో లేదు, తలంబ్రాల్లో లేదు. ఒకే షీట్‌లో ఎడమవైపు ఆమె పూర్తిగా పక్కకు తిరిగిన ఫోటోలో చుక్క ఉంది, కుడివైపు ఎదురుగా చూస్తున్న దాంట్లో లేదు. మీ సాఫ్ట్‌వేర్ దాన్ని మొటిమ అనుకుని తుడిచేసింది. లెక్కపెట్టాను, మొత్తం 37 ఫోటోల్లో పోయింది. దిష్టి తగలకుండా పెద్దావిడ పెట్టిన చుక్క అది. ఆవిడ మా పక్కనే కూర్చుని షీటు దగ్గరగా పెట్టుకుని చూసి, "నేను పెట్టానే" అంది. నేనేం చెప్పను?

ఆవిడ ముఖాన్ని కూడా వదల్లేదు. చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలు ఆవిడ చెంపల నిండా ఉంటాయి. ఆల్బమ్‌లో అవి లేవు, ముడతలూ లేవు. మనవరాలి పెళ్లికి ఎవరో కొత్త ముసలావిడ వచ్చినట్టుంది.

ఇక రంగు. ఆ అమ్మాయి ముఖం గోధుమరంగు దాటి పాలిపోయింది. ముఖమే తెల్లబడి మెడ, చేతులు మామూలుగా ఉన్నాయి. మంగళస్నానం పసుపు నిమ్మకాయ రంగుకి దిగింది. పసుపులో తడిపిన మధుపర్కాలను మీ ఆటో కరెక్షన్ లైటింగ్ లోపం అనుకున్నట్టుంది, వాటిని నీలం కలిసిన తెలుపు చేసింది. మెడలో పసుపుతాడు మామూలు నూలుతాడులా ఉంది. పెళ్లికి ముందు సీతానగరం ఘాట్ దగ్గర సూర్యాస్తమయంలో తీసిన రెండు షీట్లున్నాయి. బ్యారేజీ పైన ఆకాశం, కింద కృష్ణ నీళ్లు, వాళ్లిద్దరి ముఖాలు, అన్నీ ఒకే వెలుగులో ఉన్న క్షణం అది. ఆ వెలుగు కోసం అక్కడికి మూడుసార్లు వెళ్లాం. మీ షీట్‌లో అది మిట్టమధ్యాహ్నంలా ఉంది.

నేను ఆన్‌లైన్ గ్యాలరీలో పెట్టి వాళ్లకు లింకు పంపిన ఫోటోలు ఫోన్‌లో ఉన్నాయి కాబట్టి నా మాట నమ్మారు. వాట్సాప్‌లో వచ్చినవి కుదించుకుపోతాయని అసలు సైజువి గ్యాలరీలోనే ఇస్తాను. ఫోను, ఆల్బమ్ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. ఆ లింకే లేకపోతే మాట తప్పినవాడిగా మిగిలిపోయేవాణ్ణి.

మీ ఆఫీసుకు ఫోన్ చేస్తే ఒకాయన మర్యాదగానే మాట్లాడారు. "కొత్త సాఫ్ట్‌వేర్ సార్, అన్ని ఆర్డర్లకూ ఫ్రీగా చేస్తున్నాం, కస్టమర్లందరూ ఇష్టపడుతున్నారు" అన్నారు. నో కరెక్షన్ టిక్ గురించి అడిగితే అది కాంట్రాస్ట్‌కి మాత్రమేనట, ముఖాలకు వర్తించదట. ఆ మాట మీ ఫారంలో ఎక్కడా లేదు. "అమ్మాయి ఇంకా బాగుంది కదా సార్" అని కూడా అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడటం లేదు. ఆమె ముందు నుంచీ బాగానే ఉంది. ఆమె రంగు నా ఫైల్‌లో దొర్లిన పొరపాటు కాదు, మీరు సరిచేయడానికి.

రీలు రోజుల్లో ల్యాబుల్లో షర్లీ కార్డు అని ఉండేది. తెల్లజాతి స్త్రీ ఫోటో ఉన్న ఆ కార్డును ప్రమాణంగా పెట్టుకుని ప్రింటర్ రంగులు సరిచూసేవారు. దాంతో నల్లటి ముఖాల్లో వివరాలు పోయేవి. అప్పుడు కార్డు ఎక్కడో అమెరికాలో తయారైంది, రంగు మార్చుకునే వీలు కూడా తక్కువ. ఇప్పుడు ఫైల్‌లో ప్రతి పిక్సెల్ రంగూ రాసి ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు వేయడమే తేలిక. పైగా మీ కస్టమర్లలో ఎక్కువమంది మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలవాళ్లే. ఎండలో తిరిగే మనుషులం, మన రంగులు మీకు తెలియనివి కావు.

ఇదంతా ఒక ఎత్తు, తర్వాత జరిగింది ఇంకో ఎత్తు. ఆల్బమ్ వచ్చిన పది రోజులకు మీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఆ అమ్మాయి ఫోటో పెట్టారు. సగం "ముందు", సగం "తర్వాత". ముందు అన్న చోట ఉన్నది నేను రాత్రిళ్లు కూర్చుని పూర్తిచేసిన ఫోటో. తర్వాత అన్న చోట చుక్క లేని తెల్లటి ముఖం. ఆమె గుంటూరులో ఒక స్కూల్లో టీచరు. ఆమె దగ్గర చదువుకునే పిల్లాడి తల్లి ఆ పోస్టు చూసి ఆమెకే పంపింది. ఆమె నాకు పంపి, ఏమీ రాయలేదు. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను.

మీరు ఎవరిని అడిగి పెట్టారు? నన్ను అడగలేదు, వాళ్లను అడగలేదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. మా మధ్య అలాంటి ఒప్పందం లేదు, కాబట్టి హక్కు ఆ కుటుంబానిది. హక్కు వేరొకరిదైనా, తన పనిని వక్రీకరించి పేరుకు భంగం కలిగిస్తే అభ్యంతరం చెప్పే అధికారం చేసినవాడికి ఉంటుందని 57వ సెక్షన్ చెబుతుంది. ప్రింటింగ్ కోసం ఇచ్చిన ఫైల్ ప్రింటింగ్‌కే. నేను కూడా నా పేజీలో పెట్టే ప్రతి ఫోటోకు ముందు ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేస్తాను. కొందరు వద్దంటారు, అలాంటివి పెట్టను.

ఆ పోస్టును ఈ ఉత్తరం అందిన రోజే తీసేయండి. స్టోరీల్లో, వాట్సాప్ స్టేటస్‌లలో, మీ షోరూమ్ స్క్రీన్ మీద ఎక్కడ వాడినా తీయాలి. ఆ అమ్మాయికి, వాళ్ల అమ్మమ్మ గారికి మీ కంపెనీ తరఫున తెలుగులో, సంతకం పెట్టి క్షమాపణ ఉత్తరం పంపండి, ఫోన్‌లో సారీ చెబితే సరిపోదు. ఆల్బమ్‌ను నా ఫైల్స్ నుంచే, ఏ మార్పూ లేకుండా మళ్లీ వేయాలి, డబ్బు అడగకూడదు. మొత్తం వేసే ముందు 4, 9, 11 షీట్లు టెస్ట్ ప్రింట్ తీసి నాకు పంపండి. 11వ షీట్‌లో చుక్కకు తోక కనిపిస్తేనే మిగతావి వేయమంటాను. అలాగే ఫారంలో ముఖాలకు వేరే గడి పెట్టండి. ఎవరైనా తమ ఇష్టంతో తెల్లగా చేయమంటే అది వాళ్ల ఇష్టం. అడగనివాళ్ల ముఖం జోలికి మాత్రం వెళ్లకండి.

ఆ కుటుంబం నాకు ఇంకా 18,000 రూపాయలు ఇవ్వాలి. ఆల్బమ్ సరిగ్గా చేతికిచ్చేదాకా అడగనని చెప్పొచ్చాను. పాత ఆల్బమ్ నా దగ్గరే ఉంది, మీ మనిషిని పంపితే ఇస్తాను. పదిహేను రోజులు చూస్తాను. అప్పటికీ జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, ఆ కుటుంబం కూడా విడిగా చేస్తుంది.

కొత్త ఆల్బమ్‌ను ఈసారి గుంటూరుకు పంపకండి, విజయవాడలో నాకే పంపండి. షీటు షీటూ చూసుకుని, నేనే తీసుకెళ్లి అమ్మమ్మ గారి చేతికిస్తాను.

ఇట్లు,
మీ ఆరేళ్ల ఖాతాదారుడు,
విజయవాడ

జతచేసినవి: ఆర్డర్ ఫారం కాపీ, గ్రే కార్డు ఫ్రేమ్, 11వ షీట్ అసలు ఫైలు, మీ ప్రింట్ ఫోటో, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు స్క్రీన్‌షాట్.