లువాంగ్ ప్రబాంగ్ యాత్రలో రెండు మార్పులు

నమస్కారం. లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌కు నేను తీసుకెళ్లే ఫొటో యాత్రలో మార్చి బ్యాచ్‌కు పేరిచ్చినవాళ్లకు ముందుగా చెప్పాల్సిన మాట: ఆ బ్యాచ్ రద్దు చేశాను. మీరు కట్టిన అడ్వాన్సు మొత్తం ఈ వారంలోనే వెనక్కి పంపుతున్నాను. డిసెంబరుకు మారతామంటే అదే ధర, మొదటి చోటు మీదే.

కారణం పొగ. ఉత్తర లావోస్ కొండల్లో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పోడు కోసం చెట్లు కొట్టి కాలుస్తారు. ఆ రోజుల్లో మెకాంగ్ నది అవతలి కొండలు కూడా సరిగ్గా కనిపించవు. నిరుడు మార్చిలో నాతో వచ్చిన ఎనిమిది మంది సూర్యాస్తమయం కోసం ఫౌసీ కొండెక్కి, బూడిదరంగు ఆకాశాన్ని చూసి దిగారు. టికెట్లు చవగ్గా వస్తున్నాయని ఆ నెల ఎంచుకున్నది నేనే. ఇకనుంచి మన బ్యాచ్‌లు కార్తీకం నుంచి పుష్యం దాకానే.

రెండో మార్పు కొందరికి నచ్చకపోవచ్చు. తెల్లవారుజామున బౌద్ధ భిక్షువులు వరసగా నడిచి వచ్చి భిక్ష తీసుకునే తక్ బాత్‌ను ఫొటోల కార్యక్రమంలోంచి తీసేశాను. ఆ పొద్దున కెమెరాలు గదిలోనే ఉంటాయి.

నిరుడు మా గుంపులో ఒకరు వరసకు అడ్డంగా వెళ్లి, ఒక చిన్న భిక్షువు ముఖానికి మూరెడు దూరంలో ఫ్లాష్ కొట్టారు. ఆ పిల్లాడికి పదేళ్లు ఉంటాయేమో. కళ్లు గట్టిగా మూసుకుని ఆగాడు, మళ్లీ నడిచాడు. పక్కనే చాప మీద ఒక పెద్దావిడ వెదురుబుట్టలో జిగురన్నం పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, తల దించుకుంది. ముందురోజు రాత్రి నేను చీకట్లో కెమెరా ఐఎస్‌ఓ (వెలుతురు గ్రహించే సెట్టింగు) ఎంత పెట్టాలో చెప్పాను గానీ, ఎక్కడ నిలబడాలో చెప్పలేదు. తప్పు నాది. మన గుడిలో అర్చన జరుగుతుంటే ఎవరైనా పూజారి ముఖం మీద లైటు కొడితే ఊరుకుంటామా?

సొంతంగా వెళ్లేవాళ్లకు నా విన్నపం: రోడ్డుకు అవతలి పక్కనే ఉండండి, భుజాలూ మోకాళ్లూ కప్పుకోండి, ఫ్లాష్‌తో పాటు ఫోకస్ కోసం వెలిగే చిన్న లైటు కూడా ఆపేయండి. అంత చీకట్లో 85 ఎంఎం లెన్సుతో దూరం నుంచి తీసినది కాస్త గరుకుగా వచ్చినా పర్వాలేదు.

ఇది తీసేస్తే ఇంకేం మిగులుతుందని ఒకరు అడిగారు. చాలా మిగులుతుంది. డిసెంబరు పొద్దుల్లో నామ్ ఖాన్ నది మీద మంచు ఆలస్యంగా విడుతుంది. వరదలు తగ్గాక ఏటా కొత్తగా కట్టే వెదురు వంతెన ఆ మంచులోంచి మెల్లగా తేలుతుంది. అక్కడ గంటసేపు కదలకుండా కూర్చోండి, దాటే మనుషులు వాళ్లే వస్తారు.

1560 ప్రాంతంలో కట్టిన వాట్ సియెంగ్ థాంగ్ గుడి వెనక గోడ మీద, ఎర్రటి రంగు మీద అద్దపు ముక్కలతో పేర్చిన జీవవృక్షం ఉంది. దానికి సాయంత్రపు ఎండ కావాలి. పోలరైజర్ (తళుకు తగ్గించే ఫిల్టరు) తీసేయండి, లేకపోతే అద్దాల మెరుపే పోతుంది. అదే ఫిల్టరు, ఊరికి 30 కిలోమీటర్ల దూరంలోని క్వాంగ్ సీ జలపాతం దగ్గర తప్పనిసరి: నీటి మీద తళుకు తగ్గితేనే సున్నపురాయి వల్ల వచ్చిన ఆ నీలాకుపచ్చ రంగు లోతుగా దిగుతుంది. గేటు తెరవగానే లోపలికి వెళ్దాం, ఎండ నీళ్లను తాకకముందే. వానాకాలంలో ఆ నీళ్లు బురదగా ఉంటాయి కాబట్టి అప్పుడు తీసుకెళ్లమని అడగొద్దు. రాజభవనం మ్యూజియం లోపల ఫొటోలు తీయనివ్వరు.

సూర్యాస్తమయానికి ఫౌసీ మీద కాలు పెట్టే చోటుండదు. మనం పడవలో మెకాంగ్ దాటి వాట్ చోంఫెట్ గుడి మెట్లెక్కుదాం. అక్కణ్నుంచి ఊరంతా పడమటి ఎండలో ఎదురుగా కనిపిస్తుంది.

డిసెంబరు బ్యాచ్‌లో ఎనిమిది కాదు, ఆరుగురే. మార్చివాళ్లు ముందు చెప్పాక మిగిలిన చోట్లు కొత్తవాళ్లకు ఇస్తాను. ఫోన్ చేసేటప్పుడు మీ దగ్గరున్న లెన్సులేవో చెప్పండి, కొత్తవి కొనకముందే మాట్లాడుకుందాం.